చాంట్రీ రికాబులు మరిచిపోలేదు

చెన్నైలో ఐలాండ్ మైదానం పక్కగా సెయింట్ జార్జి కోట వైపు వెళ్లే దారిలో, రోడ్డు నడుమ, ఎత్తయిన రాతి దిమ్మె మీద ఒక కంచు గుర్రం నిలబడి ఉంటుంది. దాని మీద కూర్చున్న దొర సర్ థామస్ మన్రో. 1820 నుంచి 1827 దాకా మద్రాసు గవర్నరు. అంతకు చాలా ముందు, 1800 నుంచి 1807 దాకా, మన దత్తమండలాల కలెక్టరు. గుర్రానికి జీను లేదు, రికాబులూ లేవు. ఈ లోటును పట్టుకుని తరతరాలుగా ఒక కథ నడుస్తోంది. శిల్పి అంతా పూర్తిచేశాడట. ఆవిష్కరణ వేళ ఎవరో వేలెత్తి చూపితే గానీ రికాబులు మరిచిపోయిన సంగతి ఆయనకు తెలియలేదట. ఆ తలవంపులు భరించలేక ప్రాణం తీసుకున్నాడట.

ఈ కథ చెప్పని గైడు లేడు. ఊరు చూడబోయినవాళ్లు పిల్లలకు చెబుతారు, ఆ పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలకు చెబుతారు. ఆదివారం అనుబంధాల్లో 'మీకు తెలుసా' శీర్షిక కింద అచ్చవుతుంది. ఫోన్ల నిండా తిరుగుతుంది. రాసేవాళ్లలో ఎక్కువమంది శిల్పి పేరు కూడా రాయరు, 'ఒక ఇంగ్లీషు శిల్పి' అని సరిపెడతారు. పేరు తెలియని మనిషి ఆత్మహత్య చేసుకున్నాడని మాత్రం అంత గట్టిగా ఎలా తెలిసిందో వాళ్లే చెప్పాలి.

ఆయనకు పేరుంది. సర్ ఫ్రాన్సిస్ చాంట్రీ. మన్రో విగ్రహాన్ని మద్రాసులో నిలిపింది 1839లో. చాంట్రీ చనిపోయింది 1841 నవంబరు 25న, లండన్‌లో, తన సొంత ఇంట్లో, గుండె జబ్బుతో, అరవై ఏళ్ల వయసులో. చివరి రోజుల్లో కూడా నారిచ్ వెళ్లి, అక్కడి కథెడ్రల్‌లో పెట్టవలసిన బిషప్ బాథర్స్ట్ పాలరాతి విగ్రహం పని చూసుకుని ఇంటికి తిరిగివచ్చాడు. పుట్టిన ఊరు నార్టన్‌లో, తన కోసం తానే ముందుగా సిద్ధం చేయించుకున్న సమాధిలో ఆయన్ను పూడ్చారు. ఆయన మద్రాసు ఎన్నడూ రాలేదు. ముక్కలుగా పోతపోసిన విగ్రహం ఓడెక్కి ఆఫ్రికా కొసను చుట్టి వచ్చింది, శిల్పి లండన్‌లోనే ఉన్నాడు. కాబట్టి ఆవిష్కరణ సభలో వేలెత్తి చూపితే సిగ్గుతో కుంగిపోయే అవకాశమే ఆయనకు లేదు. కథ ఇక్కడితోనే కూలిపోవాలి. కానీ ఇలాంటి కథలు తేదీలకు లొంగవు. 'చావు సంగతి ఎలా ఉన్నా రికాబులు మరిచిపోయిన మాట నిజమేగా' అని రెండో మెట్టు మీద నిలబడతారు. అందుకే అసలు మాట అక్కడినుంచే మొదలుపెట్టాలి. చావు గురించిన అబద్ధం కంటే మరుపు గురించిన అబద్ధమే ఆ శిల్పికి ఎక్కువ అన్యాయం చేసింది.

చాంట్రీ గుర్రం మీద మనిషిని కూర్చోబెట్టి చేసిన పెద్ద కంచు విగ్రహాలు మూడున్నాయి. ఒకటి మన మన్రో. రెండోది ఇంగ్లండు రాజు నాలుగో జార్జి, ఇప్పుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక మూల దిమ్మె మీద ఉంది. మూడోది వెల్లింగ్టన్ డ్యూక్, లండన్ నగరం నడిబొడ్డున రాయల్ ఎక్స్ఛేంజి ముందు. టిప్పు సుల్తానుతో యుద్ధంలో పాల్గొని మన దక్షిణాదిని గుర్రం మీద తిరిగిన ఆర్థర్ వెల్లెస్లీయే ఆ వెల్లింగ్టన్. ఈ మూడు గుర్రాల మీదా జీను లేదు. మూడింటికీ రికాబులు లేవు. ఒక్కదానికి లేకపోతే మరుపు అనుకోవచ్చు. మూడింటికీ లేకపోతే దాన్ని మరుపు అనడానికి నోరెలా వస్తుంది?

కాలక్రమం ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. మన్రో చనిపోయాక మద్రాసులో చందాలు పోగుచేసి 1828లో ఈ పని చాంట్రీ చేతికిచ్చారు. ఇంచుమించు అదే సమయానికి రాజు విగ్రహం పనీ వచ్చింది. దానికి కుదిరిన ధర 9,000 గినీలు. అంటే ఏళ్ల తరబడి రెండు గుర్రాల పనీ ఒకే శిల్పశాలలో పక్కపక్కన నడిచింది. ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని సరిదిద్దుకునే వీలు ప్రతి ఉదయం ఉంది. అంత ధర కుదిరిన రాజుగారి గుర్రానికి కూడా రికాబులు మరిచిపోయి, ఆ సంగతి రాజుగారి కొలువులో ఒక్కడికీ కనబడక, విగ్రహం ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా వెళ్లిందని ఎవరైనా నమ్ముతారా?

వెల్లింగ్టన్ విగ్రహం సంగతి మరీ తేటగా ఉంటుంది. దాని పని సగంలో ఉండగా చాంట్రీ కన్నుమూశాడు. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ వీక్స్ దాన్ని పూర్తిచేశాడు. 1844 జూన్ 18న, వాటర్లూ యుద్ధం జరిగిన తేదీనే, ఆవిష్కరించారు. రికాబులు మరిచిపోయినందుకే గురువు చచ్చిపోయి ఉంటే, శిష్యుడు మొట్టమొదట చేయవలసిన పని ఏమిటి? ఆ గుర్రానికి రికాబులు తగిలించడం కాదూ? వీక్స్ తగిలించలేదు. గురువు ఎలా అనుకున్నాడో అలాగే పోతపోయించి నిలబెట్టాడు. ఆ శిల్పశాలలో రికాబులు లేకపోవడం తెలిసిన సంగతే, ఒప్పుకున్న పద్ధతే అనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు అక్కర్లేదు.

ఇక విగ్రహాన్నే చూద్దాం. రికాబు మీద పాదం మోపి స్వారీ చేసే మనిషి కాలు ఎలా ఉంటుందో పోలీసు కవాతులో గుర్రాలను చూసినవాళ్లకు కూడా తెలుసు. మోకాలు వంగి ఉంటుంది. పాదం అడ్డంగా నిలిచి, మడమ కాస్త కిందికి దిగి ఉంటుంది. ఒంటి బరువులో కొంత ఆ పాదం మోస్తుంది. శిల్పి నిజంగా రికాబు మరిచిపోయి ఉంటే విగ్రహంలో కాలు ఇలాగే ఉండేది, దాని కింద ఆసరా మాత్రం ఉండేది కాదు. లేని మెట్టు మీద నిలబడ్డట్టు పాదం గాలిలో తేలేది. మన్రో కాలు అలా లేదు. తొడ గుర్రం పక్కకు ఆనుకుని, కాలు తన బరువుతో తాను కిందికి వేలాడుతూ ఉంటుంది. నడుము నిటారుగా ఉంది. బరువంతా గుర్రం వీపు మీదే పడింది. తుంటి దగ్గర నుంచి బొటనవేలి దాకా ఆ శరీరం రికాబు లేని కూర్చుబాటు కోసమే మలిచిన శరీరం. ఇప్పుడు ఎవరైనా వెళ్లి రికాబులు తెచ్చి తగిలించినా ఆ కాళ్లకు అవి పొసగవు. బొమ్మ ముందు నిలబడి ఒక్క నిమిషం కాలివైపు చూస్తే ఈ కథ చెప్పే మనిషి నోరు మూతపడుతుంది.

కంచు పోత పని ఎలా జరుగుతుందో కాస్త తెలిసినా ఈ కథ పుట్టేది కాదు. ఇంత పెద్ద విగ్రహాన్ని ఒక మనిషి ఒక గదిలో తలుపులు మూసుకుని చేయడు. ముందు చిన్న నమూనా చేసి, పని ఇచ్చినవాళ్లకు చూపి ఒప్పించుకోవాలి. తరవాత లోపల ఇనుప చట్రం నిలిపి, దాని మీద నిండు కొలతల్లో రూపం కట్టాలి. దాని నుంచి ప్లాస్టర్ ప్రతి తీయాలి. ఆ ప్రతిని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి అచ్చు కట్టాలి. కరిగిన కంచు లోపలికి దిగడానికి దారులు, గాలి బయటికి పోవడానికి దారులు వదలాలి. పోత చల్లారాక అచ్చు పగలగొట్టి, అతుకులు కలిపి, అరగదీసి, పైపొర తేల్చాలి. చాంట్రీ ఈ పని ఇంకొకరి చేతుల్లో పెట్టడం ఇష్టంలేక లండన్‌లో తన ఇంటికి దగ్గర్లోనే సొంత పోతశాల కట్టించుకున్నాడు. అందులో అచ్చులు కట్టేవాళ్లు, కొలిమి దగ్గరి వాళ్లు, చెక్కేవాళ్లు ఉండేవారు. వీళ్లందరి పనీ చూసుకునే మేస్త్రీ అలన్ కనింగ్‌హామ్, కవిగా కూడా పేరున్నవాడు, 1814 నుంచి చాంట్రీ చనిపోయేదాకా ఆయన్ను విడవలేదు. పదేళ్లపాటు ఇన్ని కళ్ల ముందు సాగిన పనిలో రికాబు లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదంటే, అది శిల్పి ఒక్కడి మీదే కాదు, ఆ పనివాళ్లందరి మీదా వేసే నింద.

ఇంకొక్క మాట. రికాబు, దాని తోలుపట్టీ విగ్రహంలో విడి ముక్కలు. వాటిని వేరుగా పోతపోసి తరవాత బిగించవచ్చు. కళ్లేలకూ కత్తులకూ అలా చేయడం మామూలే. నిజంగా మరిచిపోయి ఉంటే ఆ తప్పు దిద్దడం పోతశాలలో కొద్ది రోజుల పని. విషం తాగవలసినంత, గొంతు కోసుకోవలసినంత పని అందులో ఏముంది?

మరి ఎందుకు పెట్టలేదు? జవాబు రోములో ఉంది. చాంట్రీ 1819లో ఇటలీ వెళ్లాడు. అక్కడ శిల్పులు కనోవాను, థోర్వాల్డ్‌సెన్‌ను కలిశాడు. ఆ రోజుల్లో శిల్పి అన్నవాడు రోము వెళ్లి కాపిటల్ కొండ ఎక్కకుండా తిరిగిరాడు. ఆ కొండ మీది చౌకులో, మైకెలాంజెలో కాలం నుంచి, 1538 నుంచి, రోమన్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ కంచు గుర్రం మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు అసలు విగ్రహాన్ని మ్యూజియం లోపలికి మార్చి బయట నకలు పెట్టారు గానీ, చాంట్రీ కాలానికి అసలుదే ఆరుబయట ఉంది. క్రీస్తుశకం రెండో శతాబ్దపు పని. చేయి చాచి, కాళ్లు జారవిడిచి కూర్చున్న ఆ చక్రవర్తికి రికాబులు లేవు, ఎందుకంటే రోమన్లకు రికాబులే తెలియవు. ఐరోపాకు అవి చేరింది ఆ తరవాత కొన్ని వందల ఏళ్లకు. గుర్రం మీద పాలకుణ్ణి గంభీరంగా చూపాలనుకున్న ప్రతి ఐరోపా శిల్పికీ ఆ విగ్రహమే మొదటి పాఠం. నాలుగో జార్జికి చాంట్రీ తొడిగించింది రోమన్ దుస్తులు. ఆ దుస్తుల కింద రికాబు పెడితేనే తప్పయ్యేది. మన్రోకూ వెల్లింగ్టన్‌కూ అదే కూర్చుబాటు ఇచ్చాడు. అలా నిలకడగా, తొందర లేకుండా, తోలు సరంజామా అడ్డం లేకుండా మనిషి ఒళ్లూ గుర్రం ఒళ్లూ ఒకే గీతలో కలవాలని ఎంచుకున్నాడు. ముందుకాళ్లు పైకెత్తి ఎగిరే గుర్రాల మీద అప్పటికి రెండు శతాబ్దాలుగా ఐరోపా రాజులు ఊరేగుతున్నారు. ఆయన గుర్రాలు మూడూ నేల మీద నిలబడతాయి. అదీ ఆయన నిర్ణయమే.

ఆయన పరధ్యానపు మనిషి కూడా కాడు. 1781లో షెఫీల్డ్ దగ్గరి పల్లెలో వడ్రంగి ఇంట పుట్టాడు. పన్నెండేళ్లకే తండ్రి పోయాడు. కొన్నాళ్లు కిరాణా కొట్లో పనిచేసి, అది గిట్టక కొయ్య చెక్కేవాడి దగ్గర పనికి కుదిరాడు. అక్కణ్ణుంచి లండన్ చేరి, 1818కి రాయల్ అకాడమీ సభ్యుడయ్యాడు, 1835లో సర్ అయ్యాడు. ఎవరి ముఖమైనా చెక్కేముందు కామెరా లూసిడా అనే పటకపు పరికరంతో ముఖాన్ని ఎదుటి నుంచీ పక్క నుంచీ కొలత తప్పకుండా గీసుకునేవాడు. ఆ గీతలు ఇప్పటికీ లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నాయి. లిచ్‌ఫీల్డ్ కథెడ్రల్‌లో ఆయన 1817లో చేసిన 'నిద్రపోతున్న పిల్లలు' అనే పాలరాతి శిల్పం ఉంది. చనిపోయిన అక్కచెల్లెళ్లు ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని పరుపు మీద పడుకుని ఉంటారు. చిన్నదాని చేతిలో తెల్ల మంచుపూల గుత్తి ఉంటుంది. నిద్రలో వేళ్లు సడలితే జారిపోతుందా అన్నట్టు ఆ కాడలను పట్టుకున్న తీరు చెక్కాడాయన. పసిదాని చేతిలో పూలకాడ మరిచిపోని చేయి, సేనాని కాలికింద రికాబు మరిచిపోయిందా? పైగా ఆయన పల్లెలో పెరిగి వేటకు తిరిగినవాడు. ఒక దొర ఎస్టేటులో ఒకే తూటాకు రెండు పిట్టలను కొట్టి, ఆ రెండింటినీ తానే పాలరాతిలో చెక్కి ఆ దొరకు కానుక ఇచ్చిన మనిషి. గుర్రం, జీను, రికాబు ఆయనకు పుస్తకాల్లో చదువుకున్న సంగతులు కావు.

ప్రాణం తీసుకునే నిరాశలో ఉన్న మనిషి ఎలాంటి వీలునామా రాస్తాడో గానీ, చాంట్రీ 1840 డిసెంబరు 31న రాసిన వీలునామా మాత్రం చరిత్రలో నిలిచింది. మన్రో విగ్రహం మద్రాసులో నిలబడి అప్పటికి ఏడాది దాటింది. భార్య తదనంతరం తన ఆస్తిలో చాలా భాగం రాయల్ అకాడమీకి చెందాలనీ, దాని రాబడితో బ్రిటన్‌లో తయారైన మంచి చిత్రాలూ శిల్పాలూ దేశం కోసం కొనాలనీ అందులో ఏర్పాటు చేశాడు. ఆ సొమ్ముతో కొన్న పనులే తరవాత లండన్ టేట్ గ్యాలరీకి పునాది సేకరణల్లో ఒకటయ్యాయి. పిల్లలు లేని మనిషి తన సంపాదనను రాబోయే తరాల శిల్పులకూ చిత్రకారులకూ రాసిచ్చి పోతే, ఆయన పేరు చెప్పగానే మనం చెప్పే మాట 'మతిమరుపుతో చచ్చిపోయినవాడు' అని.

చావు కథ నచ్చనివాళ్లు ఇంకో కథ చెబుతారు. మన్రో గొప్ప రౌతు కాబట్టి, జీను లేకుండానే స్వారీ చేసేవాడు కాబట్టి శిల్పి అలాగే చూపాడట. ఇది వినడానికి మర్యాదగా ఉంటుంది గానీ దీనికీ కాళ్లు లేవు. అలాగైతే నడవడానికే కష్టపడే భారీకాయుడు నాలుగో జార్జి కూడా జీను లేకుండా దౌడు తీసేవాడని ఒప్పుకోవాలి. ఇంకొకటి ఉంది, ఈ మధ్య బాగా ముదిరింది. గుర్రం కాళ్లను బట్టి రౌతు చావు చెప్పవచ్చట. రెండు కాళ్లు లేస్తే యుద్ధంలో చనిపోయినట్టు, ఒక కాలు లేస్తే గాయాలతో, నాలుగూ నేల మీదుంటే మామూలు చావు. వెల్లింగ్టన్ విగ్రహం నిలిచిన 1844లో వెల్లింగ్టన్ బతికే ఉన్నాడు. 1852 దాకా బతికాడు. ఆయన ఎలా చనిపోతాడో శిల్పికి ముందే తెలిసిందా? మార్కస్ అరేలియస్ గుర్రం ఒక ముందుకాలు ఎత్తి ఉంది, ఆ చక్రవర్తి పోయింది జబ్బు చేసి. దీనిమీద ఇంతకంటే సిరా ఖర్చు చేయనక్కర్లేదు.

ఈ కథ మద్రాసులో పుట్టింది కూడా కాకపోవచ్చు, వలస వచ్చినట్టుంది. ఇంగ్లండులో హల్ అనే రేవు పట్టణంలో మూడో విలియం రాజు గుర్రం మీద కూర్చున్న బంగారుపూత విగ్రహం ఉంది. 1734లో పీటర్ షీమేకర్స్ చేశాడు. రాజు రోమన్ వేషంలో ఉంటాడు, రికాబులు ఉండవు. అక్కడా అచ్చం ఇదే కథ: శిల్పి రికాబులు మరిచిపోయి ప్రాణం తీసుకున్నాడని. ఆ షీమేకర్స్ విగ్రహం పెట్టాక ఇంకో నలభై ఏడేళ్లు బతికి, తొంభై ఏళ్ల ముసలివాడై 1781లో ఆంట్వర్ప్‌లో చనిపోయాడు. అదే ఏడు చాంట్రీ పుట్టాడు. చాంట్రీ ఉలి పట్టకముందే ఆయన చావుకథ తయారుగా ఉండి ఉండవచ్చు. దొరలు ఓడల్లో సామానుతోపాటు కబుర్లు కూడా తెచ్చుకుని ఉంటారు. రికాబులు లేని గుర్రం ఇక్కడ కూడా కనబడగానే ఆ కబురు దానికి తగిలించి ఉంటారు.

వచ్చిన కబురు మన దగ్గర ఇంత గట్టిగా నాటుకోవడానికి మన నేల కూడా తయారుగా ఉంది. జక్కన కథ వినని తెలుగువాడుంటాడా? బేలూరులో విగ్రహం చెక్కిన మహాశిల్పికి ఒక కుర్రవాడు వచ్చి రాతిలో దోషం ఉందంటాడు. అక్కడ ఉలి వేస్తే లోపలినుంచి కప్ప బయటపడుతుంది. శిల్పి తన కుడిచేయి తానే నరుక్కుంటాడు. ఆ కుర్రవాడు కన్నకొడుకే అని తరవాత తెలుస్తుంది. 1964లో అక్కినేని నటించిన 'అమరశిల్పి జక్కన' ఆ కథను ఇంటింటికీ చేర్చింది. కోణార్కలోనూ అంతే, కలశం నిలిపిన పన్నెండేళ్ల పిల్లవాడు సముద్రంలో దూకాలి. మన ఊహలో శిల్పి అంటే తప్పు బయటపడగానే చేయో ప్రాణమో ఇచ్చుకునేవాడు. మన్రో విగ్రహం చేసినవాడి మీద కూడా ఆ చట్రమే పెట్టాం, సరిపోయిందనుకున్నాం. బేలూరు గోడల మీద మాత్రం నిజంగా చెక్కినవాళ్ల పేర్లు రాతిలోనే ఉన్నాయి. దాసోజు, అతని కొడుకు చావణ, ఊరు బళ్లిగావి. తమ పేరూ ఊరూ తామే చెక్కుకుని, ఇది మేము చేసిన పని అని నిలబడ్డ మనుషులు వాళ్లు. ఆ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? చేయి నరుక్కున్న జక్కన అందరికీ తెలుసు. పనిచేసి పేరు రాసుకున్న దాసోజు ఎవరికీ తెలియడు. నాకు కోపం తెప్పించేది ఇదే. శిల్పి నెత్తురు కారిస్తే తప్ప మనం అతణ్ణి గుర్తుపెట్టుకోం.

'కంపెనీ దొర విగ్రహం, దాన్ని చేసిన ఇంకో దొర, వాళ్లకోసం మనకెందుకీ తాపత్రయం' అని అడిగేవాళ్లు ఉంటారు. మన్రో పాలన మీద విమర్శ చేయండి, నేనూ చేస్తాను. పాలెగాళ్లను అణిచి, పొలం పొలం కొలిచి, రైతు రైతు దగ్గరా శిస్తు కట్టించుకున్న రైత్వారీ పద్ధతిలో ఎవరికి మేలు జరిగింది, ఎవరి ఇల్లు గుల్లయింది అన్నది ఇప్పటికీ తేలవలసిన లెక్కే. సీమలో ఆయన జ్ఞాపకం రెండు పాయలుగా ఉంది. శిస్తు విధించిన కలెక్టరు ఆయనే, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టించుకున్న దొరా ఆయనే. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు గుత్తిలో పూడ్చారు, తరవాత అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడారనీ, గండి దగ్గర ఆయనకు బంగారు తోరణం కనబడిందనీ జనం చెప్పుకుంటారు. అవి నమ్మకాలు, నమ్మినవాళ్ల మనసుకు సంబంధించినవి. వాటి జోలికి నేను పోను, వాటి వల్ల ఎవరి పనికీ మచ్చ రాలేదు. రికాబు కథ అలాంటిది కాదు. అది ఒక పనివాడి చేతికి లేని తప్పు అంటగడుతుంది.

విగ్రహం ఉండాలా వద్దా అనేది వేరే తగవు. మద్రాసులో ఆ తగవూ జరిగింది. 1857 తిరుగుబాటును క్రూరంగా అణిచిన జనరల్ నీల్ విగ్రహం మౌంట్ రోడ్డు మీద ఉండరాదని 1927లో సత్యాగ్రహం చేశారు. పదేళ్ల తరవాత రాజాజీ ప్రభుత్వం దాన్ని తీయించి మ్యూజియానికి పంపింది. అదీ తగవు పడే పద్ధతి. ఏమి చేశాడో తెలుసుకుని, దాని మీద తీర్పు చెప్పడం. మన్రో మీద తీర్పు చెప్పదలిస్తే అలాగే చెప్పండి. గుర్రం మీద నుంచి దించదలిచినా దించండి. ఆ గుర్రాన్ని చేసినవాడికి మాత్రం చేయని తప్పు అంటగట్టకండి.

ఈ పనిలో నాకూ నచ్చనిది ఉంది. రోమన్ వేషంలోని నాలుగో జార్జికి రోమన్ కూర్చుబాటు సరిపోయింది. కంపెనీ సైన్యంలో కుర్రవాడిగా చేరి, డేరాల్లో ఏళ్ల తరబడి బతికి, సీమ ఎండల్లో ఊరూరా తిరిగి లెక్కలు చూసిన ఉద్యోగికి చక్రవర్తి కూర్చుబాటు ఎందుకు? మన్రో నిజజీవితంలో జీనూ రికాబులూ, దుమ్మూ చెమటా ఉన్నాయి. చాంట్రీ వాటిని కడిగేసి ఆయన్ను కాలానికి అతీతుడిగా చూపాలనుకున్నాడు. చందాలు ఇచ్చిన దొరలకు కావలసింది కూడా అదే అయివుంటుంది: రోము తరవాత అంత గొప్ప పాలన తమదే అని చాటుకోవడం. ఆ గర్వాన్ని ప్రశ్నించవలసిందే. రికాబులు లేకపోవడంలో ఒక రాజకీయం ఉంది, దాన్ని చదవగలిగితే ఆ విగ్రహం మనకు చాలా చెబుతుంది. 'అయ్యో, మరిచిపోయాడు' అనగానే ఆ ప్రశ్న మొత్తం మాయమవుతుంది. విజేతల అహంకారాన్ని అడగవలసిన చోట, శిల్పి మతిమరుపు మీద జాలిపడి ఇంటికి వస్తున్నాం.

అందుకని పత్రికల వాళ్లకు, పర్యాటక పుస్తకాలు వేసేవాళ్లకు, పాఠాలు చెప్పేవాళ్లకు నేను అడిగేది ఇంతే. వచ్చేసారి మన్రో విగ్రహం బొమ్మ వేసినప్పుడు కింద ఆత్మహత్య మాట కొట్టేయండి. ఆ చోట శిల్పి పేరు రాయండి: సర్ ఫ్రాన్సిస్ చాంట్రీ, 1781–1841. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో రాజుకూ, రాయల్ ఎక్స్ఛేంజి ముందు వెల్లింగ్టన్‌కూ కూడా ఆయన రికాబులు పెట్టలేదని ఒక వాక్యం చేర్చండి. ఇంకా జాగా ఉంటే ఆయన చెక్కిన బిషప్ హెబర్ స్మారక శిల్పం చెన్నైలోనే సెయింట్ జార్జి కథెడ్రల్‌లో ఉందని చెప్పండి, చూడదలచినవాళ్లు అక్కడికీ వెళ్తారు. ఇంతకాలం ఈ కథ అచ్చువేసిన పత్రికలు సవరణ కూడా అదే పుటలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయాలి.